ఆదివారం విప్పే ముడి

కోసిగికి నాలుగు మైళ్ల దూరంలో ఒక పల్లె. అక్కడ బడి వెనక రెండు గదులూ ఒక వసారా ఉన్న కట్టడం ఉంది. వానలు మొహం చాటేసిన ఏడాది ఆ పక్క పల్లెల్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మొగుడూ పెళ్లాలూ మూటలు కట్టుకుని గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. మళ్లా ఉగాదికే రావడం. అంతవరకూ వాళ్ల పిల్లలకు ఆ కట్టడమే హాస్టలు, వంట చేసే హులిగమ్మే దిక్కు.

హులిగమ్మకు నలభై ఆరేళ్లు. మొగుడు పోయి పదేళ్లు దాటింది. పిల్లలు లేరు. హాస్టలు పిల్లలంతా ఆమెను పెద్దమ్మా అంటారు. రొట్టెలు తడుతూనే ఎవరి ముక్కు కారుతోందో, ఎవరు ఎవరి బలపం దాచారో చెప్పేస్తుంది. పెద్దవాళ్లతో మాత్రం మాట పెగలదు. బడి సారు వచ్చి ఏదన్నా అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపుతుంది.

ప్రతి గురువారం ఆదోని నుంచి పల్లవి మేడం వచ్చేది. పిల్లల మనసు చూసే మేడం. సూది లేదు, మాత్ర లేదు. చాప పరిచి పిల్లల మధ్య కూర్చుని బొమ్మలు గీయించేది, మాట్లాడించేది. నిద్రలో ఏడ్చేవాళ్లు, పక్క తడిపేవాళ్లు, అన్నం ముట్టనివాళ్లు ఆమె దగ్గర గంటసేపు ఉండి లేచేవాళ్లు. మాటలతో జబ్బు పోతుందా అని మొదట్లో హులిగమ్మకు నవ్వొచ్చింది. అంజలి వచ్చినాక ఆ నవ్వు పోయింది.

అంజలికి ఏడేళ్లు. ఉరుకుంద దారిలో ఇంకో పల్లె వాళ్లది. అమ్మ సునీత, నాన్న మారుతి. వాళ్లు సుగ్గికి మూట కట్టే రోజు వస్తే చాలు, ఆ పిల్లకు పండ్లు బిగుసుకుపోయి కళ్లు తేలిపోయేవి. గాలి సోకిందని తాయెత్తులు కట్టారు. ఆసుపత్రిలో చూపిస్తే ఒంట్లో ఏ జబ్బూ లేదన్నారు. అమ్మ ఎప్పుడొస్తుందో తెలియని భయం అది, అంది పల్లవి మేడం. ఈసారి పోయే ముందు తల్లినీ కూతురినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎమ్మిగనూరు మగ్గాల నుంచి తెచ్చిన లావు నూలు సునీత చేతిలో పెట్టింది.

"ఎన్ని వారాలకు వస్తావో అన్ని ముడులు నువ్వే వెయ్యి సునీతా. ఆదివారం ఆదివారం అంజలి ఒకటి విప్పుతుంది. ఆఖరు ముడి విప్పిన రోజు నువ్వు ఇక్కడ ఉండాలి. ఉంటావా? కాదంటే ఇప్పుడే చెప్పు. పిల్లకు ఒక్క అబద్ధం చెప్పినామంటే, రేపు నిజం చెప్పినా నమ్మదు."

"సచ్చినా వస్తాను మేడం" అంది సునీత.

సునీతది ఎడమచేతి వాటం. అందరికీ కుడికి తిరిగే ముడి ఆమెకు ఎడమకు తిరుగుతుంది. ఒక్కొక్కటే వేస్తూ, పాప చేత ఎంచిస్తూ, పన్నెండు ముడులు వేసింది. ఆ నూలును అంజలి తన చాప పైనున్న మేకుకు తగిలించుకుంది. ఆ రోజు అమ్మా నాన్నా బస్సెక్కితే పిల్లకు మూర్ఛ రాలేదు. హులిగమ్మ అదే మొదలు పల్లవి మేడం వస్తే లేచి నిలబడటం.

వసారా కిటికీలో ఒక బటన్ల ఫోను ఉండేది. మధ్యాహ్నం కూలోళ్లు బువ్వకు దిగే వేళకు వరసగా మోగేది. ఆ గంటసేపూ వసారా సంతలాగుండేది.

"నాయనా, మన మేక ఈనిందంట! తాత సెప్పినాడు!"

"ఒరే, ఇంక పెట్టేయరా, మా అమ్మ చేస్తాంటాది!"

"నీ మేక సంగతి దేశానికంతా తెలుసులేరా, ఇటివ్వు."

అంజలి తన వంతు వచ్చినప్పుడు గోడకు తిరిగి, ఫోనును రెండు చేతులా పట్టుకుని మెల్లగా మాట్లాడేది. ఆదివారమైతే నూలు తెచ్చుకునేది. అమ్మ ఫోనులో "ఊ, ఇప్పు" అంటేనే ముడి విప్పేది.

అట్లా ఏడు ముడులు విప్పింది. ఐదు మిగిలాయి.

ఒంటిపూట బడులు పెట్టిన వారం, ఒక గురువారం పొద్దున్నే, అంజలి తాత ఉచ్చీరప్ప హాస్టలు వెనక వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. హులిగమ్మ పుట్టింటి ఊరివాడు. చిన్నప్పటి నుంచి చిన్నాయనా అని పిలుస్తుంది. మనిషి నిలువునా దుమ్ము.

"ఏంది చిన్నాయనా, ఇంత పొద్దునే?"

"ట్రాక్టరు కాలవలో పడిపాయె హులిగీ." ముసలాయన గొంతులో తడి లేదు. "మా సునీత పోయింది. మారుతికి కాలిరిగింది, ఆడనే ఆసుపత్రిలో ఉండాడు. మొన్న రాత్రికే తెచ్చి పూడ్సినాము."

హులిగమ్మ చేతిలో పిండి ముద్ద అట్లే ఉండిపోయింది.

"పాపకు సెప్పొద్దు. మారుతి లేసి వచ్చేదాకా సెప్పొద్దు. ఇన్నదంటే ఆ బిడ్డ గూడా దక్కదు నాకు."

"మేడంకన్నా సెప్పల్ల గదా చిన్నాయనా..."

"మేడం దాచదు. ఆయమ్మ సదువు ఆయమ్మది. ఉరుకుంద ఈరన్న మీద ఒట్టు పెట్టు నాకు."

పెట్టింది. ముసలాయన చేతిలో చెయ్యి వేసి, స్వామి పేరు చెప్పి ఒట్టు పెట్టింది. ఆయన పంచె కొంగు విప్పి, గుడ్డలో చుట్టిన ఫోను ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. సునీతది.

"పాప దీనికి చేస్తాంటాది. మోగినపుడల్లా నా పానం పోతాంది. నీ కాడ పెట్టుకో తల్లీ."

ఆ మధ్యాహ్నమే పల్లవి మేడం వచ్చింది. అంజలి తల నిమిరింది. హులిగమ్మ పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది. కళ్లలో నీళ్లు పొగకే అనుకుంది మేడం.

ఆదివారం అంజలికి ఫోను రాలేదు. నూలు పట్టుకుని సందేళ దాకా కిటికీ కింద కూర్చుంది. సోమవారం బువ్వ తినలేదు. మంగళవారం పండ్లు బిగుసుకున్నాయి. హులిగమ్మ పండ్ల సందున చెంచా పెట్టి, మొహాన నీళ్లు చల్లి, ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఆ పిల్ల పిడికిట్లో నూలు ఉంది. వదలలేదు.

బుధవారం మధ్యాహ్నం హులిగమ్మ సామాన్ల గదిలోకి పోయి తలుపు దగ్గరికేసుకుంది. కిటికీ లేని గది. బియ్యం మూటలు, నూనె డబ్బాలు, మూలకు ఎండుమిరపకాయల సంచి. మూటల వెనక ముడుచుకుని కూర్చుని, సునీత ఫోను తీసి, కొంగు రెండు మడతలు చేసి నోటికి అడ్డం పెట్టుకుంది. వసారాలో ఫోను మోగింది. ఎవరో అరిచారు, "అంజీ, మీ అమ్మే!"

"అమ్మా?"

"బువ్వ తిన్నావా బంగారూ?" అంది హులిగమ్మ. గొంతు ఆమెది ఆమెకే కొత్తగా ఉంది. "ఈడ గాలి ఎక్కువుండాది. సరిగా ఇనపడదు."

"అమ్మా, యాల చేయలేదు? నేను ఎంత సేపు సూసినానో..."

"పని ఎక్కువుండె తల్లీ. ఫోను సెడిపోయుండె. ఏడవొద్దు. నువ్వేడిస్తే నేను బువ్వ తినను."

మిరపకాయల ఘాటుకు దగ్గు వచ్చింది. ఆ దగ్గు కూడా మిరప చేలో మనిషి దగ్గులాగే ఉంది. ఆ దినం అంజలి రెండు రొట్టెలు తినింది. నిద్రలో నవ్వింది కూడా.

ఒక్కసారే అనుకుంది హులిగమ్మ. మరుసటి రోజు కూడా ఒక్కసారే అనుకుంది. ఆదివారం "ఊ, ఇప్పు" అంది. ముడులు నాలుగయ్యాయి. వారం తిరిగేసరికి తానెందుకు చేస్తున్నదీ ఆమెకు తెలిసిపోయింది. మధ్యాహ్నం కాకముందే కాళ్లు ఆ గది వైపు లాగేవి. ఆ చీకట్లో, ఆ ఘాటులో, చెవి పక్కన ఒక పిల్ల "అమ్మా" అంటుంటే ఒళ్లు ఝల్లుమనేది. నలభై ఆరేళ్లలో ఆమెను ఎవరూ ఆ మాటతో పిలవలేదు. పిల్ల కోసమని చెప్పుకునేది. రాత్రిళ్లు ఆ మాట అబద్ధమని తనకే తెలిసేది.

కూరలు తరిగే రామమ్మ ఒకరోజు పట్టుకుంది.

"ఏందక్కా, రోజూ ఆ గదిలో దూరి గుసగుసలు? ఈ వయసులో ఎవుర్ని తగులుకుంటివి?"

"ఎలకలు... ఎలకలు పడినాయి, తోలుతాండా."

"ఎలకతో బంగారూ అంటాండావు. సక్కని ఎలకే" అని నవ్వుకుంటూ పోయింది.

గురువారం పల్లవి మేడం అంజలి బుగ్గ చూసి మురిసిపోయింది. "పిల్ల తేరుకుంది హులిగమ్మక్కా. ఆ ముడులు పని చేస్తున్నాయి. నువ్వు కూడా బాగా చూస్తున్నావు" అని చెయ్యి పట్టుకుంది. హులిగమ్మ ఆ చేతిని విడిపించుకుని గిన్నెలు తోమడానికి పోయింది. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది.

రెండో ఆదివారానికి మూడు ముడులు మిగిలాయి. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక ఆమె మేకు దగ్గర నిలబడి ఎంచింది. మూడు. మూడు ఆదివారాలు. మూడోదే ఆఖరు ముడి. ఆ రోజు ఎవరు రావాలి?

నూలు దించి, ఒక ముడి వేసింది. మళ్లా తగిలించింది.

పొద్దున అంజలి నూలు పట్టుకుని వచ్చింది. "పెద్దమ్మా, నిన్న మూడుండె. ఇప్పుడు నాలుగుండాయి."

"తప్పు ఎంచినావులే."

"లేదు పెద్దమ్మా. ఇది అమ్మ ముడి గాదు. ఇటు తిరిగుండాది సూడు."

"నువ్వే తప్పు ఎంచినావంటే!" అని కసిరింది హులిగమ్మ. "రెండో తరగతి సదువుతాండావు, నాలుగు ఎంచేదానికి రాదా? నిన్న గూడా నాలుగే. పో, మొగం కడుక్కో."

పిల్ల నూలు కేసి చూసింది, తన వేళ్ల కేసి చూసుకుంది. తన కళ్లను తానే నమ్మాలో వద్దో తెలియనట్టు నిలబడింది. ఆ చూపు హులిగమ్మ గుండెల్లో అట్లే గుచ్చుకుని ఉండిపోయింది. ఫోనులో చెప్పిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

మూడో ఆదివారం.

హులిగమ్మ గదిలో కూర్చుని ఫోను చేసింది. "బువ్వ తిన్నావా బంగారూ?"

"పొద్దున గూడా అదే అడిగినావు గదమ్మా."

"పొద్దున... యాడ చేసినాను?"

"చేసినావు గదా. అందరూ స్నానాలకు పోయినప్పుడు. నా ముడులు ఎవురో మళ్లీ వేస్తాండారని సెప్పినావు గదా." పిల్ల గొంతు తగ్గించింది. "అమ్మా... ఎవురది?"

గదిలో గాలి నిలిచిపోయినట్టయింది. సునీత ఫోను రాత్రంతా హులిగమ్మ రేకుపెట్టెలో ఉంది. పెట్టె తాళం చెవి ఆమె నడుముకు కట్టి ఉంది. ఆమె ఫోను ఆపేసింది. బయట పిల్ల గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. "ఊ... ఊ... సరేమ్మా... ఇప్పుతాను."

ఆపేసిన ఫోను హులిగమ్మ ఒళ్లో ఉంది. బయట పిల్ల మాట్లాడుతూనే ఉంది.

ఆ పొద్దు ఆమె సునీత ఫోనులోంచి బ్యాటరీ పీకేసింది. రెండూ వేరు వేరు గుడ్డల్లో మూటగట్టి జొన్నల డబ్బా అడుగుకు తోసింది. గురువారం మేడం సెలవు, రాలేదు. శుక్రవారం మేకు దగ్గర చూస్తే నూలుకు ఒక్క ముడే ఉంది. తాను వేసినది లేదు. సునీత వేసిన వాటిలో ఇంకొకటి లేదు. అంజలిని అడిగింది. "నేను ఇప్పలేదు పెద్దమ్మా" అంది పిల్ల. అని, ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది. "నేను తప్పు ఎంచినానేమోలే."

శనివారం హులిగమ్మ ఒట్టు తప్పింది. రైలు గేటు దాకా నడిచి, చింతచెట్టు కింద నిలబడి, తన ఫోనులో పల్లవి మేడంకు చెప్పింది. ముక్కలు ముక్కలుగా చెప్పింది. సునీత సంగతి, ఫోను సంగతి, ముడి సంగతి. పొద్దుటి ఫోను సంగతి మాత్రం చెప్పలేకపోయింది.

"రేపు పదకొండుకంతా నేను వస్తాను" అంది మేడం. "ఉచ్చీరప్పను కూడా తీసుకొస్తాను. ముగ్గురం కూర్చుని పాపకు నిజం చెబుదాం. అంతవరకూ నువ్వేం చెప్పొద్దు. ఆ ఫోను ముట్టుకోవద్దు అక్కా. ముట్టుకోవుగా?"

"ముట్టుకోను మేడం."

ఉగాదికి రెండు రోజులే ఉంది. పిల్లలందరినీ ఎవరో ఒకరు వచ్చి పిలుచుకుపోయారు. ఆదివారం పొద్దునకు హాస్టల్లో అంజలీ, హులిగమ్మే మిగిలారు. రామమ్మ సెలవు పెట్టింది. పదకొండయింది. పన్నెండయింది. ఉచ్చీరప్ప కోసం ఉరుకుంద దారిలో దిగితే మళ్లీ బస్సు దొరకలేదని, ఆటో మాట్లాడుకుని వస్తున్నామని మేడం ఫోను చేసింది.

మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. ఎండ వసారా మెట్ల మీద తెల్లగా పరుచుకుని కూర్చుంది. పైన రేకులు కాగి టక్... టక్... అంటున్నాయి. కుక్క ఒకటి గోడ నీడలో పడుకుని, ఉన్నట్టుండి లేచి, తోక కాళ్ల సందున పెట్టుకుని ఎండలోకే నడిచిపోయింది. హులిగమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది. అంజలి కిటికీ కింద కాళ్లు చాపుకుని, నూలు ఒళ్లో వేసుకుని ఉంది. ఆటో చప్పుడుకు హులిగమ్మ చెవులు రిక్కించి ఉన్నాయి.

ఫోను మోగింది.

మేడమే అనుకుని హులిగమ్మ లేచింది. అంతకు ముందే అంజలి అందుకుంది.

"అమ్మా... ఊ, తింటి... ఒకటే ఉండాది... పెద్దమ్మనా?" పిల్ల తల తిప్పి చూసింది. "ఈడనే ఉండాది. పొయ్యి కాడ. నిలబడుకోనుండాది."

హులిగమ్మ జొన్నల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. ఫోను మూట ఉంది. బ్యాటరీ మూట ఉంది. రెండూ వేరు వేరుగానే ఉన్నాయి.

"పెద్దమ్మా." అంజలి ఫోను చాపింది. "నీకంట."

చెవికి పెట్టుకుంది. పెట్టుకోకుండా ఉండలేకపోయింది.

గాలి. చేలో తిరిగే పెద్ద గాలి.

"బువ్వ తిన్నావా బంగారూ?"

అది సునీత గొంతు కాదు. హులిగమ్మదే. కొంగు రెండు మడతలు అడ్డం పెట్టుకున్న హులిగమ్మ గొంతే.

"ఈడ గాలి ఎక్కువుండాది. సరిగా ఇనపడదు... పని ఎక్కువుండె తల్లీ... ఏడవొద్దు..." ఆ దగ్గు కూడా. ఆ మూడు వారాల మాటలూ ఒకదాని వెనక ఒకటి, ఆమె గొంతుతోనే, ఆమె చెవిలోకే. తర్వాత గాలి ఆగింది. అదే గొంతు, చాలా దగ్గరగా, గుసగుసగా...

"బాగుండెనా? అమ్మా అని పిలిపించుకుంటే?"

హులిగమ్మ నోరు తెరిచింది.

"ఇంక నువ్వు పలకొద్దు. నా బిడ్డకు నేను సెప్పుకుంటాను."

ఫోను చేతిలోంచి జారిపోయింది. ఘాటు... ఎండుమిరప ఘాటు, గుప్పుమని. కళ్లు మండి నీళ్లు కారాయి. తుడుచుకుని చూసేసరికి అంజలి సామాన్ల గది గడపలో ఉంది. చేతిలో నూలు.

"అంజీ... వద్దు. ఆగు తల్లీ..."

అరుస్తున్నాననుకుంది. తన గొంతు తనకే వినిపించలేదు.

పిల్ల లోపలికి పోయింది. తలుపు మెల్లగా మూసుకుంది. దానికి లోపల గడియ లేదు. ఏనాడూ లేదు. హులిగమ్మ రెండు చేతులా తోసింది. భుజంతో గుద్దింది. కదల్లేదు. నిండు మూటలు ఎవరో అడ్డం పేర్చినట్టు... లోపల మాటలు. ఒకటి పిల్లది. ఇంకొకటి... పదాలు తెలియడం లేదు. పాపను నిద్రపుచ్చేటప్పుడు మాట్లాడే తీరు. సాగదీసి, మెల్లగా. చాలాసేపు.

తర్వాత ఏమీ లేదు.

తర్వాత ఏడుపు. మూర్ఛ కాదు. పండ్లు బిగుసుకోవడం కాదు. కడుపులోంచి, నోరారా, బిడ్డ ఏడ్చే ఏడుపు.

ఆటో ఆగింది. పల్లవి మేడం పరుగెత్తుకొచ్చింది. వెనక ఉచ్చీరప్ప. తలుపుకు ఆనుకుని కూలబడిన హులిగమ్మను పక్కకు జరిపి, మేడం ఒక్క చేత్తో తోసింది. తలుపు తెరుచుకుంది.

అంజలి మిరపకాయల సంచి మీద కూర్చుని ఉంది. నూలు ఒళ్లో ఉంది. ముడి లేదు.

"అమ్మ సచ్చిపోయింది మేడం" అంది వెక్కుతూ. "ట్రాక్టరు పడిందంట. మిరపసంచులు మీద పడినాయంట. నొప్పి ల్యాదంట. ఎడమచేతి గాజులు ఒక్కటి గూడా పగల్లేదంట."

మేడం పిల్లను గుండెకు హత్తుకుంది. పిల్ల తల మీదుగా హులిగమ్మ వైపు చూసింది. ఇంకొక్క గంట ఆగలేకపోయావా అన్నట్టుంది ఆ చూపు. నేను చెప్పలేదు మేడం అనాలి. హులిగమ్మకు గొంతు రాలేదు.

ఉచ్చీరప్ప గోడ పట్టుకుని నిలబడ్డాడు. "గాజుల సంగతి..." అన్నాడు. "ఆ చేతి గాజులు తీసి దాచింది నేను ఒక్కణ్ణే. నేను ఎవురికీ సెప్పలే హులిగీ. నీకు గూడా సెప్పలే."

పల్లవి మేడం మూడు రోజులు ఆ పిల్లను వదల్లేదు. సమాధి దగ్గరికి తీసుకుపోయింది. అడిగినన్నిసార్లు జవాబు చెప్పింది, ఏడ్చినన్నిసార్లు పక్కన కూర్చుంది. పిల్ల మెల్లగా తినింది, మెల్లగా పడుకుంది. మళ్లా మూర్ఛ రాలేదు. హులిగమ్మ మీద మేడం ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక్క మాట మాత్రం అంది.

"అమ్మలా మాట్లాడినావు, అది భయంతో చేసినావు అనుకుంటాను. కానీ పిల్ల సరిగ్గా ఎంచితే తప్పు అన్నావే అక్కా... ఇప్పుడు రోజూ నన్ను అడుగుతోంది, నేను చూసింది నిజమేనా మేడం అని. అది మానడానికి చాలా రోజులు పడుతుంది."

తిట్టి ఉంటే బాగుండేదని హులిగమ్మకు అనిపించింది.

మారుతి కర్ర పట్టుకుని వచ్చి పాపను పిలుచుకుపోయే రోజు, హులిగమ్మ గేటు దాకా వచ్చి అంజలి ముందు గొంతుక్కూర్చుంది. "తప్పు చేసినాను తల్లీ. ముడి నేనే వేసినాను. నువ్వు సరిగానే ఎంచినావు."

అంజలి ఆమె చెంప మీద చెయ్యి పెట్టింది. "అమ్మకు నీ మీద కోపం లేదంట పెద్దమ్మా. నీతో మాట్లాడల్లంట. తీరిగ్గా."

మళ్లా సుగ్గి కాలం వచ్చింది, హాస్టలు తెరిచారు. పొయ్యి అంటించడానికి ముందు హులిగమ్మ మంచి కోక కోసం రేకుపెట్టె తీసింది. కోకల అడుగున, ఒకప్పుడు ఆ ఫోను పెట్టిన చోట, ఎమ్మిగనూరు నూలు ఒకటి చుట్టి ఉంది. కొత్తది. ఎంచింది. పన్నెండు ముడులు. అన్నీ ఎడమకు తిరిగినవే.

తర్వాతి సోమవారం పదకొండు. ఆ తర్వాత పది. పారేద్దామని చూసింది. రెండుసార్లు పొయ్యిలో వేసింది. రెండుసార్లూ పెట్టెలోనే ఉంది, బూడిద వాసనతో. గురువారాలు పల్లవి మేడం వచ్చి "ఎట్లున్నావక్కా" అంటే నోరు తెరిచేది. తల ఊపేది.

ఐదు మిగిలిన వారం ఆమెకు ఓపిక చచ్చిపోయింది. పెట్టె ముందు కూర్చుని తానే ఒక ముడి వేసింది. ఆరు. తెల్లారి చూస్తే తాను వేసింది లేదు. దాంతోపాటు మూడు లేవు. విప్పిన చోట్ల నూలు వంకర్లు పోయి, తడిగా ఉంది.

మళ్లా ముట్టుకోలేదు.

నిన్న శనివారం. పెట్టె తీసింది. నూలుకు ఒక్క ముడి ఉంది. దాన్ని వెలుతురుకు పట్టింది. నూలుతోపాటు ఇంకేదో సన్నగా మెరిసింది. వెంట్రుక. పొడుగుది. సగం నలుపు, సగం తెలుపు. ముడిలోంచి వచ్చి మళ్లా ముడిలోకే పోయింది.

హులిగమ్మ రెండు వేళ్లతో ఆ వెంట్రుకను పట్టుకుని మెల్లగా లాగింది.

నడినెత్తిన చురుక్కుమంది.